తొమ్మిదిసార్లు ఆయ్

ఉదయం 11.10కి అమలాపురంలో ఒక బిల్డరు మేనేజరు తలపై కత్తి దెబ్బలు పడ్డాయి. కింద షాపులు, పైన ఫ్లాట్లు కట్టే కాంప్లెక్సు కోసం అంతకు కొద్దిసేపటి ముందే ఆయన జేసీబీతో ఒక కొబ్బరికాయల కొట్టు కూల్పించాడు. తనంతట తనే స్టేషనుకు వచ్చిన కొట్టు యజమానిని హెడ్ కానిస్టేబుల్ ప్రశ్నించాడు.

“ఎందుకు నరికేవు?”

“లోపల మా ఆవిడుండగా కూల్చేసేరండి.”

“ఖాళీ చేస్తానని ఫోన్లో మేనేజరుతో నువ్వే ఒప్పుకున్నావంట. రికార్డింగు విన్నాను. తొమ్మిదిసార్లు ఆయ్ అన్నావు.”

“వింటున్నానని అన్నానండి. పెద్దమనిషి మాట్లాడుతుంటే మధ్యమధ్యలో ఆయ్ అనకపోతే మర్యాద కాదు కదండీ.”

“ఆయన హైదరాబాదు మనిషి. సరే అన్నావనుకున్నాడు.”

“కుదరదని చెబుదామనే చూసేనండి. ఆయన ఆపితే కదండీ.”

“కూల్చేటప్పుడు నువ్వెక్కడున్నావు?”

“టీకెళ్లేనండి. వచ్చేసరికి గోడ ఆవిడ మీదుంది. ‘నువ్వే ఒప్పుకున్నావు కదా’ అన్నాడండి ఆయన. కాయలు కొట్టే కత్తి అక్కడే పడుందండి.”

“ఎన్ని దెబ్బలు?”

“రెండండి. మూడోది వెయ్యకుండా జేసీబీ డ్రైవరు పట్టేసుకున్నాడండి. బాబూ, మా ఆవిడెలా ఉందో కనుక్కోండి.”

“ముందిక్కడ సంతకం పెట్టు.”

12.25కి ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. మేనేజరు స్పృహలో ఉన్నాడు. ఆమె చనిపోయింది.