మిగిలిన సగం పాట

చండ్రుగొండ మీసేవ ముందు బల్ల మీద కూర్చొని, కాలేజీలు చూసొచ్చిన తండ్రిని బిడ్డ ఆరా తీస్తున్నది. ఏ కాలేజీలో సీటు కావాలో ఆన్‌లైన్‌లో ఆప్షన్లు పెట్టడానికి ఆ రోజే ఆఖరు.

“పెద్ద కాలేజీ ఎట్లుంది నాయినా?”

“అద్దాల మేడ బిడ్డా. మంచినీళ్లు కావాల్నా అన్నోడు లేడు.”

“రెండోది?”

“హాస్టల్ల సీనియర్ పిల్లలు బువ్వ పెట్టిండ్రు. కొత్తగొచ్చే ఒక్కో పిల్లకు ఒక్కో అక్క తోడుంటదట.”

“ర్యాగింగ్ చెయ్యరా?” ఆమె భయమంతా అదే.

“చేసిండ్రు.”

“ఎవర్ని?”

“నన్నే. కొత్తోళ్లు పాట పాడాలన్నరు. తునికాకు కోసేటప్పుడు మీ అమ్మ పాడే పాట ఎత్తుకున్న.”

“అయ్యో, ఇజ్జత్ తీసినవ్!”

“సగం కాంగనే బస్సు టైమైంది. మిగతా సగం నిన్ను చేర్పియ్యటానికి వచ్చిననాడు పాడాలన్నరు. అదే మొదటి ఆప్షన్ పెట్టు.”

నవ్వుకుంట లేచింది. “మిగతా సగం నీకొచ్చా?”

“రాదు. మీ అమ్మను తోల్కపోదాం.”