మేస్త్రిగారు పళ్ళతో పీకిన మేకు

అన్యాయం జరిగింది నేల తుడిచే అక్కకి. నిరుడు మే పదిహేడున, పొద్దున్న ఆరున్నరకి. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కథ చెప్పబోయేది మా స్టేజీ మేస్త్రి. ఆయన నోట ఆ అక్క మాట పొరపాటున కూడా రాదు.

మాది వేసవిలో సంగీతం, డాన్సు నేర్పే అకాడమీ. ఆరు వారాలు శిక్షణ, చివరి వారం ఉత్సవం. నేను డాన్సు బట్టలు కుడతాను. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. పిల్లలు స్టేజీ ఎక్కకముందు ఎవరో ఒకరు వట్టికాళ్ళతో చెక్క చెక్కా నడిచి చూడాలి, ఎక్కడ ఏం గుచ్చుకుంటుందోనని. నడిచాక పుస్తకంలో ఎక్కించాలి. నడిచేది అక్క, రాసేది మేస్త్రి. నిరుడు ఆ పొద్దున్న అక్క కాల్లో మేకు దిగింది. కుంటుకుంటూ ఆస్పత్రికి పోయింది, కాలు వాచి పన్నెండు రోజులు లేవలేదు. పుస్తకంలో మాత్రం ఆ రోజు మనిషే రాలేదని ఉంది. అక్క వచ్చి మొత్తుకుంది. అకాడమీ నడిపే టీచరమ్మ పుస్తకాన్నే నమ్మింది. నేనూ నోరు మూసుకున్నాను, ఉత్సవం అయ్యాక సర్దుడు పనుల్లో ఎవరి గొడవ వాళ్ళది. ఈ ఏడు అక్కని పనిలోకి తీసుకోలేదు. ఇప్పుడామె పక్క వీధి టీ కొట్టు ఫ్లాస్కు మోసుకొచ్చి మాకు టీ పోస్తోంది.

ఈ ఏడు మే పన్నెండు మధ్యాహ్నం అందరం హాలు వెనక వరండాలో కూలబడ్డాం. పిల్లలు ఒకే అడుగు పద్దెనిమిదిసార్లు తప్పారు. టీచరమ్మ బకెట్ నీళ్ళలో కాళ్ళు ముంచుకుని కళ్ళు మూసుకుంది. వయొలిన్ మేష్టారు మెడ కమిలినచోట తడిగుడ్డ వేసుకున్నాడు. నా ఒళ్ళో ఇరవై రెండు పావడాలు. ఎవరికీ నోరు తెరిచే ఓపిక లేదు, మేస్త్రికి తప్ప. టీచరమ్మకి నిద్ర పట్టిందనుకున్నాడు కాబోలు.

"ఒక్క మేకు! నిరుడు ఉత్సవం నిలబడిందంటే నేను ఆ ఒక్క మేకూ చూసి పీకబట్టి. లేకపోతే ఎనభై మంది పిల్లలు ఏమైపోయేవాళ్ళు?"

"నలభై రెండు," అన్నాడు మేష్టారు, కళ్ళు తెరవకుండానే.

"కాళ్ళు లెక్కపెట్టండి మేష్టారూ, ఎనభై పైనే తేలతాయి! ఇంతకీ ఆ పొద్దున్న నేనింకా గేటు బయటే ఉన్నానా, లోపల మూడో వరస చెక్కలో, ఎడం పక్క, తెర కింద ఏదో కిర్రుమంది. మీకు అపశ్రుతి ఎలా తెలుస్తుందో నాకు మేకు అలా తెలుస్తుంది."

"గేటు దగ్గరికి వినపడిందా?"

"గేటేంటండీ, బస్సు దిగకముందే నాకు అనుమానం! పరిగెత్తుకెళ్ళి చూద్దును కదా, మేకు తల ఇంత పైకి లేచి ఉంది. సుత్తి వెతికే టైమేదీ? పళ్ళతో పట్టి లాగాను. జానెడు వచ్చింది. ఇంకా వస్తోంది. మూరెడు వచ్చింది. ఇంకా వస్తోంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

నేను సూదిలోకి దారం ఎక్కించుకున్నాను. అక్క ఆయన గ్లాసు నింపి, "ఏమైంది మేస్త్రిగారూ?" అంది.

"అదీ, అడిగే మనిషి ఉండాలి! లాక్కుంటూ వెనక్కి నడిచాను. స్టేజీ దిగాను, కుర్చీలు దాటాను, తలుపు దాటి రోడ్డెక్కాను, బస్సులు ఆగిపోయాయి, హారన్లు కొడుతున్నారు, నేను పళ్ళు బిగబట్టి ఉన్నాను గనక సమాధానం చెప్పడానికి లేదు. కొస బయటపడేసరికి మందుల షాపు దగ్గరున్నాను. గేటు పక్క దీపస్తంభం రోజూ చూస్తున్నారే, అదేమనుకున్నారు? ఆ మేకే! బల్బు ఒక్కటే మునిసిపాలిటీది."

"ఆ స్తంభం నేను ఈ ఊరొచ్చినప్పట్నించీ ఉందయ్యా."

"అప్పుడు ఇంత పొడుగుందా మేష్టారూ, గుర్తు తెచ్చుకోండి!"

మేష్టారు గుర్తు తెచ్చుకునే ఓపిక లేక గోడకి జారబడ్డాడు.

"అక్కడితో అయిపోతే నేనెందుకు చెప్తాను? మేకు పోయేసరికి స్టేజీకి పట్టు పోయింది. సాయంత్రం ఆట మధ్యలో ఒరిగిపోతోంది. కిందకి దూరి వీపు మీద మోశాను, మూడు గంటలు! చివర్లో పిల్లలు గిర్రున తిరిగే ముక్క ఉంది చూశారూ? ఇవాళ ఎందుకు రావట్లేదనుకున్నారు? నిరుడు తిరిగింది పిల్లలు కాదు, కింద నేను తిరిగాను. చప్పట్లు మాత్రం టీచరమ్మకి. పాపం, పోనీలే అనుకున్నాను."

బకెట్లో నీళ్ళు ఒక్కసారి కదిలాయి. మేస్త్రి చూడలేదు.

"వీపు నొప్పెట్టలేదా అన్నయ్యా?" అన్నాను.

"ఈ మధ్యే తగ్గింది చెల్లెమ్మా."

అక్క ఫ్లాస్కు మూత నెమ్మదిగా బిగించింది. "అంత లోతుగా ఎవరు కొట్టుంటారు మేస్త్రిగారూ ఆ మేకు?"

"ఎవరంటే? నేనే! ముందురోజు సాయంత్రం తెర కదలకుండా ఒక్కటంటే ఒక్క దెబ్బ వేశాను. ఇంకొకడెవడైనా అయితే నాలుగు దెబ్బలకీ దిగేది కాదు."

టీచరమ్మ కళ్ళు తెరిచింది. "అమ్మాయ్, నిరుటి పుస్తకం పట్రా," అంది నాతో.

బీరువాలోంచి తెచ్చాను. ఆవిడ తడికాళ్ళతోనే కూర్చుని పైకి చదివింది. "మే పదిహేడు. నేల బాగుంది. ఏమీ దొరకలేదు. తుడిచే మనిషి చెప్పకుండా మానేసింది." పుస్తకం మూయకుండా అంది: "నాకు ఓపిక లేదు మేస్త్రీ, ఒక్కటే అడుగుతాను. రెండింట్లో కోత ఏది? ఇప్పుడు నోటితో కోసిందా, అప్పుడు చేత్తో రాసిందా?"

"సరదాకన్నానమ్మా! మేకూ లేదు, గీకూ లేదు..."

"మూడో వరస చెక్క, ఎడం పక్క, తెర కింద. నిరుడు ఈమె నా గదిలో నిలబడి ఇవే మాటలు చెప్పింది. లేని మేకు మీ ఇద్దరికీ ఒకే చోట ఎలా దొరికింది?"

మేస్త్రి మేష్టారి వైపు చూశాడు. మేష్టారు గుడ్డ తిప్పి వేసుకున్నాడు. నా వైపు చూశాడు. నేను దారం కొరికాను. అక్క కుడికాలి చెప్పు విడిచింది, అంతే. అరికాలు ఎత్తి చూపించమని అడిగే మొహం మాలో ఎవరికీ లేదు.

"కొట్టి, తీయడం మర్చిపోయాను," అన్నాడు మేస్త్రి. అంత చిన్న గొంతు ఆయనకుందని మాకు తెలీదు. "రాస్తే నా మీదికొస్తుందని..."

"రాయి ఇప్పుడు. మేకు పొడుగు కూడా."

"పొడుగెందుకమ్మా?"

"రాయి."

"అంగుళంన్నర."

మేష్టారికి నవ్వొచ్చింది గానీ సగంలోనే ఆవలింత అయిపోయింది.

టీచరమ్మ అక్క వైపు తిరిగింది. "నేను పుస్తకాన్ని నమ్మాను. నీ కాలు చూడలేదు. రేపట్నించి వస్తావా?"

అక్క వెంటనే ఒప్పుకోలేదు. గ్లాసులన్నీ ఏరి ఒకదాంట్లో ఒకటి పెట్టింది. "వస్తానమ్మా. నడిచేది నేనైతే రాసేదీ నేనే. అక్షరాలు కొన్ని మర్చిపోయాను, ఈ చెల్లెలు చూపిస్తుంది." నన్ను అడగనైనా అడగలేదు. అడక్కపోవడమే నాకు నయమనిపించింది.

మేస్త్రి పాత వాక్యాలు కొట్టేసి రాసిన ముక్క ఆ పేజీలో ఇప్పటికీ ఉంది:

"మే 17, ఉదయం 6:30. మూడో వరస చెక్క, ఎడం పక్క, తెర కింద మేకు ఒకటి, అంగుళంన్నర. కొట్టి మరిచింది నేను. నడిచి చూసింది తుడిచే మనిషి. ఆమె ఆ రోజు పనికి వచ్చింది. దిద్దిన తేదీ: మరుసటి ఏడాది మే 12, మధ్యాహ్నం 2:40."