అన్నిటికీ ‘లేదు’

“మళ్లీ ఫ్యాను పెంచావా? నన్నిలా దుప్పట్లో గడ్డకట్టుకుపొమ్మంటావా?”

“ఒళ్లంతా సెగలండీ. చలైతే మీరే పక్కగదిలో పడుకోండి.”

ఆదివారం మధ్యాహ్నం, పడకగదిలో భార్యాభర్తలు.

“ఆ సెగల కోసమేగా మనమ్మాయి నీ ఫోన్లో రోజూ ఒంట్లో ఎలా ఉందో అడిగే యాప్ పెట్టింది? దానికి చెప్పుకో.”

“అది నన్నేమీ అడగట్లేదు. తేడా ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లమని అదే చెబుతుందంది అమ్మాయి. చెప్పలేదు కాబట్టి బాగానే ఉన్నాననుకుంటున్నాను.”

“అడగకేం! పొద్దున్నే నువ్వు స్నానానికి వెళ్లగానే టింగుటింగుమని మొదలెడుతుంది. నేనే నొక్కేస్తున్నాను.”

“ఏమని?”

“అన్నిటికీ ‘లేదు’ అని. అప్పటికిగానీ నోరు మూయదు మహాతల్లి.”

“రక్తం కనబడుతోందా అని అడిగినా?”

“నీకు ముట్టు ఆగిపోయి రెండేళ్లయిందిగా! ఇంకేం కనబడుతుంది?”

“నెల నుంచి మళ్లీ కనబడుతోందండీ.”

“నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా?”

“చెప్పాను. మీరు టీవీ చూస్తూ ఊఁ అన్నారు.”

“అంటే... ఏమై ఉంటుందంటావ్?”

“ఏమో. డాక్టరుకి చూపించుకోవాల్సిన నెల పోయింది.”

ఆ సాయంత్రం అత్తగారికీ పిల్లలకీ వడ్డిస్తూ, ఆమె గొంతు పెంచకుండా చెప్పింది:

“రేపు అమ్మాయితో ఆసుపత్రికి వెళ్తున్నాను. ఆయన రానక్కర్లేదు. డాక్టరు అడిగినవాటికి నేనే జవాబు చెప్పుకుంటాను.”