మేడల బాబాయి మొదటి గది

ఆ ఇల్లు అమ్మకానికి పెట్టి చాలా కాలమైంది. కొనడానికి వచ్చేవాళ్ళు లేక కాదు, వచ్చినవాళ్ళు ఎదురుగా ఉన్న టీ కొట్టు దాటి గుమ్మం దాకా వెళ్ళలేక. అక్కడి బెంచీ మీద మేడల బాబాయి కూర్చుని ఉంటాడు. ఆ ఇంటి కింది వాటాలో ఏళ్ళ తరబడి అద్దెకుంటున్నది ఆయనే, తాళంచెవి ఉండేదీ ఆయన జేబులోనే. ఇల్లు అమ్ముడుపోతే కొత్తవాళ్ళు ఖాళీ చేయమంటారని ఆయన భయం. అందుకని ఎవరొచ్చినా "ముందు టీ తాగండి, ఇల్లెక్కడికీ పోదు" అని కూర్చోబెట్టి, తాను కట్టిన మేడల కథ ఎత్తుకుంటాడు. కథ అయ్యేసరికి వచ్చినవాళ్ళు బస్సెక్కి ఉంటారు.

ఈసారి వచ్చింది ఒక టైలరమ్మ. దారిలోనే బ్రోకరు ఆమెని హెచ్చరించాడు. "ఆయన మాటలు చెవిన పెట్టకండక్కా. నీళ్ళని కూడా కోసి కట్టలు కట్టే రకం."

టైలరమ్మ తలూపింది. ఆస్తి కొనడం ఆమెకిదే మొదలు. మిషను తొక్కి తొక్కి దాచిందంతా ఇందులో పెట్టబోతోంది. సూదిలో దారం ఎక్కించడానికి ఇప్పటికే కళ్ళు చికిలించాల్సి వస్తోంది. ఆ కళ్ళు పూర్తిగా మొరాయించే రోజుకి చేతికి అద్దె రావాలని ఆమె పట్టుదల. కప్పు కారే ఇల్లో, చెద పట్టిన ఇల్లో ఎవరైనా అంటగడితే మళ్ళీ మొదట్నుంచి కూడబెట్టే ఓపిక లేదు. అలాగని భయపడి ఊరికే వెనక్కి వెళ్ళేది లేదని బయల్దేరేటప్పుడే గట్టిగా అనుకుంది.

"కూర్చో అమ్మాయ్," అన్నాడు బాబాయి. "కొని అద్దెకిచ్చుకుందామనా? మంచి పని. నేనూ నీలాగే మొదలెట్టాను. ఒక్కటంటే ఒక్క గది. ఎవడూ వద్దన్న గది. కొన్నాను, అద్దెకిచ్చాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తెలుసు, రోజూ వింటున్నాంగా," అన్నాడు టీ కొట్టతను గ్లాసులు కడుగుతూ.

"నువ్వు టీ కాచు ముందు. ఆ గదిలో చల్లదనం ఎంతంటే అమ్మాయ్, మండుటెండల్లో ఫ్యాను వేస్తే దుప్పటి వెతుక్కోవాలి. జనం బారులు తీరారు. గది ఖాళీ లేదయ్యా అంటే, కిటికీ దగ్గర కాసేపు నిలబడతాం, దానికే అద్దె తీసుకోండని కాళ్ళావేళ్ళా పడ్డారు. సరే, నిలబడ్డందుకు ఒక అద్దె, గాలి పీల్చినందుకు ఇంకో అద్దె. ఆ గాలి డబ్బులతోనే పై అంతస్తు లేచింది."

బ్రోకరు గడియారం చూసుకున్నాడు. టైలరమ్మ మాత్రం కదల్లేదు. "వానాకాలంలో ఆ గది కప్పు కారేది కాదా బాబాయిగారూ?" అని అడిగింది.

బాబాయికి పౌరుషం వచ్చేసింది. "కారడమా! మొన్నటి ముసురులో వీధివీధంతా గిన్నెలు పెట్టుకుని కూర్చుంటే, నేను కప్పుకేసి తలెత్తి చూడనైనా చూడలేదు. చుక్క లోపలికి దిగాలంటే మా కప్పుని అడిగి దిగాలి!"

మొన్నటి ముసురు అన్న మాట టైలరమ్మ పట్టుకుంది. ఆమె దగ్గరికి కొలతలకి వచ్చేవాళ్ళలో పొట్ట లోపలికి లాక్కుని, ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్ళు బోలెడుమంది. వాళ్ళతో ఆమె వాదించదు. పిల్లలెలా ఉన్నారని అడుగుతుంది. వాళ్ళు మాటల్లో పడి ఊపిరి వదిలాక అప్పుడు టేపు చుడుతుంది. బాబాయి దగ్గర కూడా అదే పద్ధతి పనికొస్తుందని తోచి, ఇంకో టీ చెప్పింది.

"తర్వాత?" అంది.

"తర్వాతేముంది, అంతస్తు మీద అంతస్తు! తాపీవాళ్ళు కిందికి దిగడం మానేసి పైనే కాపురాలు పెట్టారు. పై వాటాలో చేరదామని ఒక బ్రహ్మచారి మెట్లెక్కడం మొదలెట్టాడా, సగం దారిలో పెళ్ళి చేసుకున్నాడు. తలుపు దగ్గరికి చేరేసరికి మనవడు చెయ్యి పట్టుకుని, 'తాతా, తాళంచెవి కిందే మర్చిపోయావా?' అని అడుగుతున్నాడు. మళ్ళీ కిందికి పంపాల్సొచ్చింది పాపం."

"ఎవర్ని? తాతనా, మనవణ్ణా?" అన్నాడు టీ కొట్టతను.

"మనవణ్ణే. ఆ వయసులో ముసలాయన ఏం దిగుతాడు?"

"అంత బరువు కింద ఆ గది తలుపులు నిలిచాయా? చెద పట్టలేదూ?" అంది టైలరమ్మ.

"చెదా! మా గుమ్మాన్ని కొరకబోయి పళ్ళూడగొట్టుకుని, పక్కింటికెళ్ళి కాస్త మెత్తటి చెక్క ఉంటే పెట్టమని అడుక్కుంది."

"మరి వీధి కాలువ పొంగితేనో?"

"గడప అంత ఎత్తున పెట్టింది ఊరికేనా అమ్మాయ్? నీళ్ళు మెట్టు దాకా వస్తాయి, దణ్ణం పెడతాయి, వెనక్కి పోతాయి."

బ్రోకరు గడియారం చూడటం మానేసి టైలరమ్మ మొహం చూడసాగాడు. బాబాయికి అదేమీ పట్టలేదు. ఆయన అప్పటికే మబ్బుల్లో ఉన్నాడు.

"ఇక పై అంతస్తుల్లో మబ్బులు తిన్నగా వంటింట్లోకి వచ్చేసేవి. ఆడవాళ్ళు వాటిని పిండి, దండెం మీద ఆరేసి, సాయంత్రానికి మడతపెట్టి పంపేవాళ్ళు. చివరికి ఏమైందో తెలుసా? చంద్రుడొచ్చి మా పిట్టగోడకి తగులుకుని ఆగిపోయాడు. నా దారికి అడ్డం కట్టావంటాడాయన. ఇక్కడ నిలబడితే అద్దె కట్టాలంటాను నేను. చూశాడు చూశాడు, నెలలో సగం రోజులే ఉంటాను, సగమద్దె కడతానని ఒప్పుకున్నాడు. అప్పట్నుంచే ఆయనకీ పెరగడాలూ తరగడాలూ!"

"అంతకుముందో?" అంది టైలరమ్మ.

"అంతకుముందు నిండుగా ఉండేవాడు రోజూ. నువ్వప్పటికి పుట్టలేదులే." బాబాయి గొంతు తగ్గించి టైలరమ్మ వైపు వంగాడు. "అన్ని కట్టినవాణ్ణి, అనుభవంతో చెప్తున్నా. ఈ బుల్లి ఇల్లు నీకొద్దమ్మాయ్. ఇంకా పెద్దది చూసుకో."

టైలరమ్మ గ్లాసు కింద పెట్టి బ్రోకరుతో అంది, "కాగితాలు రాయించండి. తీసుకుంటున్నాను."

"లోపల చూడకుండానే?"

"బాబాయిగారు చూపించారుగా." ఆమె బాబాయి వైపు తిరిగింది. "మీ మేడలన్నీ కోతలే బాబాయిగారూ. ఆ మొదటి గది ఒక్కటే నిజం. అది మీరుంటున్న గదే, మొన్నటి ముసురు అన్నప్పుడే తెలిసిపోయింది. నన్ను పంపించెయ్యాలనే కదా ఇంతసేపూ చెప్పారు. కప్పు కారుతుందని ఒక్కమాట అంటే లేచి వెళ్ళిపోయేదాన్ని. ఇన్ని అబద్ధాలాడారు గానీ, ఆ ఒక్కటీ మీ నోట రాలేదు."

టీ కొట్టతను పగలబడి నవ్వాడు. "చంద్రుడి దగ్గర అద్దె గుంజినవాడివి, మొత్తానికి దొరికిపోయావు బాబాయ్!"

బాబాయి నవ్వలేదు. "నన్నెప్పుడు ఖాళీ చేయమంటావమ్మా?" అన్నాడు చిన్నగా.

టైలరమ్మకి జాలేసింది, కాస్త కోపమూ వచ్చింది. "ఇంటి మీద ఈగ వాలనివ్వని మనిషి అద్దెకి దొరికితే ఖాళీ చేయించడానికి నాకేమన్నా పిచ్చా? మీరుండండి. నెల తిరిగేసరికి అద్దె మాత్రం నా చేతిలో ఉండాలి. కథలు చెప్తే ఊరుకోను."

బాబాయి కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. లేచి వీధి దాటి వెళ్ళి తలుపు తాళం తీశాడు. ఇల్లు చూడవచ్చినవాళ్ళ కోసం ఆ తలుపు తెరుచుకోవడం బ్రోకరు చూడటం అదే మొదటిసారి.

"రామ్మా, ముందు వంటింట్లోకి రా. కిటికీ రెక్క ఉబ్బిపోయి మూసుకోవట్లేదు. గాలి కొడితే పొయ్యి ఆరిపోతోంది."

"ఇంతసేపూ ఆ ముక్క చెప్పలేదేం బాబాయిగారూ?"

"ఇంతసేపూ నువ్వు బయటిదానివి. బయటివాళ్ళ ముందు ఇంటి పరువు తీసుకుంటామా? ఇప్పుడు ఓనరువి. బాగుచేయించాల్సింది నువ్వే."