శుక్రవారం వంతు

కాశీబుగ్గ మసీదుకి నెల కిందటే వచ్చిన హజరత్ గది గుమ్మానికి పరదా కట్టి ఉంది. పరదా ఇవతల, తెలుగు ఖురాను గుండెలకు ఆన్చుకుని నిలబడ్డ మదీనాబీకి కడుపు మండిపోతోంది.

“నిసా సూరా, మూడో ఆయతు. మళ్లీ సదవమంటారా హజరత్?”

“వద్దమ్మా, విన్నాను. భార్యల్ని సమానంగా చూడలేనని భయముంటే ఒక్కర్నే చేసుకోమంది.”

“మరదే సూరాలో నూట ఇరవై తొమ్మిది. ఎంత ఆశపడ్డా మీరు పెళ్లాల మద్దిన న్యాయం సెయ్యలేరంది. ఓసోట సెయ్యమంది, ఓసోట మీవల్ల కాదంది. నేను ఏది నమ్మీది?”

“రెండూ నమ్మాలి. మొదటిది చేతుల్లో ఉన్న న్యాయం. తిండి, బట్ట, ఇల్లు, రాత్రుల వంతు. రెండోది మనసు సంగతి. అది మనిషి చేతిలో లేదు. అలాగని...”

“అలాగని ఒకదానివేపే పూర్తిగా ఒరిగిపోయి, రెండోదాన్ని వేలాడదియ్యొద్దని. సదివేను. ఆ వేలాడీదాన్ని నేనే.”

“గఫూర్‌కి నువ్వు...”

“రెండోదాన్ని. పిలిసి సెప్పండి హజరత్. మీ మాటయితే ఇంటాడు.”

“చెబుతాను. ముందు నన్ను అడగనీ. తిండి పెడుతున్నాడా?”

“పెడతన్నాడు.”

“బట్ట?”

“బక్రీదుకి రెండు సీరలు తెచ్చేడు. ఆ హలీమాది కనకాంబరం రంగు, జరీ అంచు. నాది ఉత్త నేత.”

“ఇంకా?”

“ఆవిడ పేరున పాల కీరు వండితే గుండు జీడిపప్పు. నా కూరలోకి బద్దలు. పొద్దల్లా పప్పు ఒలిసీది నేను!”

“సరే, సరే. రాత్రులు?”

“మాయింట్లోనే.”

“ఎన్ని?”

“అన్నీను.”

“అన్నీనా! అయితే అన్యాయం ఆవిడకమ్మా, నీకు కాదు.”

“ఆవిడకా? శుక్రవారం నమాజవగానే మూరెడు మల్లెలట్టుకుని అటే ఎల్తాడు. పొద్దు గూకితే గానీ రాడు.”

“వారానికో పూట. అదీ ఓర్చుకోలేవా?”

“ఓర్సుకోలేను. కుళ్లే నాది. ఒప్పుకుంటన్నాను.”

“అక్కడేం జరుగుతుందో నీకేం తెలుసు?”

“ఎనకాలే ఎల్లేను. గోడ సాటునుంచి ఇన్నాను. పిల్లకి జొరమొచ్చిందనీ, కొబ్బరిసెట్టు పడిపోయిందనీ, తనకి మోకాలు నొప్పనీ... అన్నీ ఆవిడకే సెప్తాడు. నాతో మాత్రం ‘అన్నం పెట్టు’. అంతే.”

“ఆవిడేమంది?”

“ఏటంటాది.”

“ఏమీ అనలేదా?”

“ఆ కనకాంబరం సీర ఓపాలి నేను కట్టుకున్నాను. పెట్టెలోంచి తీసి. గుమ్మంలో నన్ను సూసి నవ్వేడు హజరత్. పెళ్లయ్యేక అదే మొదులు. తరవాత మొకం సూసి...”

“చూసి?”

“మడతపెట్టీమన్నాడు.”

“చూడమ్మా, ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురు కూర్చుంటే సగం తగువు తీరిపోతుంది. రేపు ఆవిణ్ణి కూడా తీసుకురా.”

“రాదు.”

“పరదా కట్టించాను కదా.”

“రాదండి.”

“అంత పంతమా? నేనే కబురు పెడతాను. ఏ వీధి?”

“ఈదేటి హజరత్! బతికుంటే జుట్టట్టుకుని ఈడ్సుకొచ్చీదాన్ని. పోయి మూడేళ్లయింది. నేనూ పోతే నాకో శుక్రవారం వత్తాదా? అది ఏ ఆయతులో ఉందో సూసి సెప్పండి.”