గానుగ కర్ర

ఆలివ్ కాయలు దింపే రోజులు. జుర్జురా కొండల్లో ఒక ఉదయం, చనిపోయిన తమ్ముడి ఇంటి గుమ్మంలో అన్న నిలబడి ఉన్నాడు. లోపల తమ్ముడి భార్య రొట్టెలు కాలుస్తోంది.

"గానుగ మర తిరగట్లేదు మరదలా. నలుగురు కొడుకులూ కలిసి తోస్తున్నా కదలట్లేదు."

"దేంతో తోస్తున్నారు బావగారూ?"

"మూరెడు ఇనప కడ్డీతో."

"నేనొక్కదాన్నే తిప్పేదాన్ని కదా!"

"నీ దగ్గర ఆ పొడుగు కర్ర ఉండేది. దాని కొస పట్టుకుని తోస్తే పసిపిల్లైనా తిప్పేస్తుంది."

"అబ్బో, ఇప్పుడు తెలిసిందా! మా ఆయన్ని పాతిపెట్టిన మర్నాడే గానుగ లాక్కుని, ఆ కర్ర నా మొహాన పడేసి ఏమన్నారు?"

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మా..."

"'పొయ్యిలో పెట్టుకో. మర తిప్పేది నా కొడుకుల కండలు, కట్టెలు కాదు' అన్నారు."

"తప్పే. కాయలు గోతాల్లో కుళ్ళిపోతున్నాయి. ఆ కర్ర ఇచ్చెయ్."

"నేనేం కాల్చెయ్యలేదు. పెరట్లో ఉంది, తీసుకెళ్ళండి."

అతను గబగబా పెరట్లోకి వెళ్ళాడు.

"ఓసి నీ... నాలుగు ముక్కలు చేశావా!"

"మూరెడు మూరెడు, కొలిచి మరీ కోశాను. కండలున్న కొడుకులు నలుగురు కదా బావగారూ, తలా ఒకటి ఇవ్వండి."