‘ఉంచండి’ గారి వెళ్ళిన తేదీ

వదినగారూ, ఆసుపత్రి నుంచి వచ్చిన డాక్టర్లూ, నర్సమ్మలూ, మా డేటాబేస్ విభాగం మిత్రులారా!

ఈ సంతాప సభకి కుర్చీలు చాలక వెనక గోడకానుకుని నిలబడ్డవాళ్ళు కూడా ఉన్నారు. చూస్తున్నాను. దాచుకోవడం దేనికి, చూసి అసూయ పడుతున్నాను. రేపు నేను పోతే ఇందులో సగం మందైనా వస్తారా?

ఆయన్ని మనమందరం ‘ఉంచండి’ గారు అనేవాళ్ళం. ఆసుపత్రి రికార్డుల్లోంచి ఏది తీసేయమన్నా ఆయన నోట వచ్చే మాట అదొక్కటే. డాక్టరు మానేశారా? ఉంచండి. మందు వాడటం ఆపేశారా? ఉంచండి. ప్రతి పట్టికలోనూ చివర ‘వెళ్ళిన తేదీ’ అని ఒక గడి పెట్టారు. గడి ఖాళీగా ఉంటే ఉన్నట్టు, తేదీ పడితే వెళ్ళినట్టు. ఆ వరుస మాత్రం ఎక్కడికీ పోదు. తుడిచేస్తే పీడా పోతుంది కదా అనేవాణ్ణి నేను. పక్కపక్క బల్లల మీద ఏళ్ళ తరబడి ఇదే గొడవ.

ఒకరోజు నాకు పండగే అయింది. కొత్తగా చేరిన అమ్మాయి డాక్టర్ల జాబితా తీస్తూ ఆ గడి చూడటం మరిచిపోయింది. ఎప్పుడో మానేసిన కంటి డాక్టరుగారికి కంప్యూటరు రోగుల్ని రాసేసింది. తాళం వేసిన గది ముందు పాపం జనం బారులు తీరారు! ఈయన పని అయిపోయిందనుకున్నాను. ఆయనేం చేశారు? ఆ పిల్లని పల్లెత్తు మాట అనలేదు. “మరిచిపోయే వీలుండేలా కట్టింది నేను, తప్పు నాది” అన్నారు. అసలు పట్టికను వెనక్కి నెట్టి, ఉన్నవాళ్ళు మాత్రమే కనిపించే కిటికీలాంటిది ముందు పెట్టారు. ఇప్పుడు అందరం అందులోంచే చూస్తున్నాం. ఆ అమ్మాయి ఆయన్ని బాబాయ్ అనడం మొదలుపెట్టింది. నన్ను ఇప్పటికీ సార్ అంటుంది.

తర్వాత ఆ కంటి డాక్టరుగారే మళ్ళీ చేరారు. ఆవిడ పాత వరుస అలాగే ఉంది కదా, “ఈ డాక్టరు నంబరు ఇదివరకే ఉంది” అని కంప్యూటరు ఆవిణ్ణి రానివ్వలేదు. ఒకే నంబరు రెండుసార్లు రాకూడదన్న నియమం ఉన్నవాళ్ళ వరకే పెడదామన్నాను. ఆ ఉపాయం నాది! ఆయన నిండు మీటింగులో నా భుజం తట్టి, “ఇది మా తమ్ముడి బుర్ర” అన్నారు. తనదని చెప్పుకుని ఉంటే హాయిగా తిట్టుకునేవాణ్ణి కదా! ఆ సుఖం కూడా దక్కనివ్వలేదు.

ఒక తల్లి బిడ్డనెత్తుకొచ్చింది, గుర్తుందా? పసితనంలో ఏదో మందు పడక ప్రాణం మీదికొచ్చిందట. ఆ మందు పేరు ఆవిడకి గుర్తులేదు. ఆ మందు ఆసుపత్రిలో ఆపేశారు, రాసిన డాక్టరూ లేరు. నా పద్ధతైతే ఖాళీ చూపించేది. ఆయన పట్టిక మందు పేరూ, మోతాదూ, రాసినవారి పేరూ చెప్పింది. ఆ తల్లి ఆయన చేతులు పట్టుకుని ఏడ్చింది. పక్కనే నేనున్నాను. నాకేసి చూడనైనా లేదు.

వదినగారూ, నిన్న ఆయన కుర్చీ నాకిచ్చారు. ఎన్నాళ్ళనుంచో కన్నేసిన కుర్చీ. అందులో కూర్చుని చేయాల్సిన మొదటి పని ఏమిటో తెలుసా? సిబ్బంది పట్టికలో ఆయన వరుస ముగించడం. తుడిచేద్దామంటే కంప్యూటరు ఒప్పుకోదు. ఆయన కట్టిన ప్రతి పట్టికా, ‘చేసినవారు’ అన్నచోట ఆ వరుసనే పట్టుకుని ఉంది. పోయాక కూడా ఆయనే గెలిచారు! ఇక మిగిలింది తేదీ వేయడం. ఇంత కుళ్ళు పెట్టుకున్నవాణ్ణి, నాకు చేతులు రాలేదు.

ఈ సభ అయ్యాక పైకెళ్ళి వేస్తాను. ఇంకెవర్నీ వేయనివ్వను. అందాకా ఆ గడి ఖాళీ. మన లెక్కలో ఆయన ఇంకా ఉన్నట్టే. ఆయన గదిలోకి వస్తే మనం ఎప్పుడూ లేచి నిలబడేవాళ్ళం కదా?

లేవండి. ఒక్క నిమిషం, ఎవరూ ఏమీ మాట్లాడకండి.